అటక మీది సైడ్ డ్రమ్ము



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో ఒకదానికి పేజీ మొత్తము ఇవ్వవలసి వచ్చినది. వ్రాసినవారు కోస్తాలోని ఒక పల్లె సంఘములో స్త్రీల సమాజ కార్యదర్శి. పేరు, ఊరు వేయవద్దని కోరారు గనుక వేయుట లేదు. సంగతి ఇది. వారి మందిరమునకు పాత పెంకులు తీసి స్లాబు వేయుటకు పూనుకొన్నారు. అటక మీది సామాను దింపుచుండగా విరిగిన బెంచీల క్రింద గోనెపట్టాలో చుట్టిన పాత డ్రమ్ము ఒకటి బయటపడినది. ఒళ్లంతా ఇత్తడి. రెండు ప్రక్కల చర్మములు చినిగిపోయినవి. లోపల ఎలుకలు గూడు పెట్టుకొన్నవి. పాత సామాను కొనే అతను వచ్చి తూకము వేసి ధర చెప్పి వెళ్లాడు. సిమెంటుకు డబ్బు చాలుట లేదు గనుక కమిటీలో సగము మంది అమ్మివేద్దామన్నారు. యౌవనస్థులు బాగుచేయిద్దామన్నారు.

అంతలో ఎనభై ఏండ్లు దాటిన తాతగారు ఒకరు లేచి, చిన్నప్పుడు క్రిస్మస్ తెల్లవారుజామున తన తండ్రి మెడకు వేసుకొని వాయించినది ఈ డ్రమ్మేనని చెప్పి కన్నీళ్లు పెట్టుకొన్నారట. వెంటనే ఇంకొక పెద్దాయన లేచి, మన తాతలు డప్పు వదలిపెట్టి దేవుని దగ్గరకు వచ్చారు, మరల తోలు వాద్యమును మందిరములోనికి తెస్తారా అని అడిగారట. మాట మాట పెరిగినది. రెండు ఆదివారములుగా ఆ రెండు ఇండ్లవారు ఒకరినొకరు పలకరించుకొనుట లేదు. మొన్న ప్రభువు బల్ల ఆరాధనకు ఒక ఇంటివారు రానేలేదు. "అయ్యా, ఈ డ్రమ్మును ఏమి చేయమంటారు? బాగగునా? వాయించుట తప్పా?" అని ఆ అమ్మగారు అడుగుచున్నారు.

అమ్మా, ముందుగా ఒక్క మాట. తూకమునకు మాత్రము ఇవ్వకండి. సిమెంటు డబ్బు ఈ పంట పండుగకు కాకున్నా వచ్చే పంట పండుగకు కూడును. కొలిమిలో కరిగిన డ్రమ్ము తిరిగి రాదు.

మీరు పంపిన ఫోటోను మేము భూతద్దము పెట్టి చూచాము. పైన, క్రింద చెక్క కడియములు. వాటి అంచున వరుసగా రంధ్రములు. రెండు మూడు రంధ్రములలో ఇంకను తాడు ముక్కలు. ప్రక్కన వేలాడుచు ఎండిపోయిన తోలు చెవులు. అడుగున నాలుగు తీగెలు, అవి లోహపువి కావు, పేగుతో పేనినవి. ఇది ఇంగ్లీషు సైన్యపు పద్ధతిలో చేసిన తాడు బిగింపు సైడ్ డ్రమ్ము. ఇంగ్లీషులో స్నేర్ డ్రమ్ము అనేది దీనినే. వాయించువాడు పటకాతో ఎడమ ప్రక్కకు, కాలికి తగులునట్లు వేలాడదీసుకొని నడుచును గనుక సైడ్ డ్రమ్ము అని పేరు వచ్చినది. అట్లు ప్రక్కకు ఒరిగియుండుటచేతనే ఎడమ చేతి పుల్లను అరచేయి పైకి తిప్పి వ్రేళ్ల సందున పట్టుకొను అలవాటు వచ్చినది. ఇప్పుడు స్టాండు మీద సమముగా పెట్టి వాయించువారిలో కూడ చాలామంది అట్లే పట్టుకొంటారు.

దీని గుట్టంతయు అడుగున ఉన్నది. పైచర్మము మీద పుల్ల పడగానే లోపలి గాలి అడుగు చర్మమును నెట్టును. దానికి ఆని బిగించియున్న తీగెలు ఎగిరి మరల దానినే తాకును. పెళపెళమను ఆ చురుకు శబ్దము వాటిది. తీగెలు వదులు చేసి కొట్టి చూడండి, డొల్ల శబ్దము తప్ప ఏమియు రాదు. సైనికుల అంత్యక్రియలలో తీగెలు వదలి, నల్లగుడ్డ కప్పి వాయించు ఆచారము ఇందువలననే.

ఇటువంటి డ్రమ్ములు మన సంఘములకు రెండు మూడు దారులలో చేరినవి. ఫ్రెడరిక్ టక్కర్ 1882లో రక్షణ సైన్యము పక్షమున బొంబాయిలో దిగి, వీధులలో వాద్యములతో ఊరేగినందుకు అరెస్టు అయ్యాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొన్నది ఆయనే. తరువాత రక్షణ సైన్యము మన బాపట్ల ప్రాంతమునకు కూడ వచ్చినది, డ్రమ్ము వారి వెంట నడిచినది. మిషను బోర్డింగు స్కూళ్లలోని స్కౌటు బ్యాండ్లు మరొక దారి. ఇక మీరట్ ఉన్నది. అక్కడ నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైనది. ఆ ఊరి జలీ కోఠీ వీధి బ్యాండు వాద్యములకు దేశమంతట పేరు పొందినది. కనుక మీ డ్రమ్ము లోపల మీరట్ అను ముద్ర కనబడితే చిన్నబోకండి. లండన్ ముద్ర ఉన్నంత మాత్రాన వేలము వేయుటకు పరుగెత్తకండి. మీ సంఘపు పాత మినిట్సు పుస్తకము, జమాఖర్చు పుస్తకము తిరగవేయండి. డ్రమ్ము కొన్న ఖర్చో, ఇచ్చినవారి పేరో ఒక పంక్తిలో ఉండవచ్చును.

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న. రిపేరు మాట దీని తరువాతనే.

యౌవనస్థులు ఆయన మాటను పాతకాలపు చాదస్తమని కొట్టివేసినట్లు మీ ఉత్తరములో కనబడుచున్నది. అది న్యాయము కాదు. క్లౌ దొరగారు 1866లో ఒంగోలుకు వచ్చారు. అదే సంవత్సరము యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందారు. ఆయన తోళ్ల వ్యాపారి, మాదిగవారు. ఆయన సాక్ష్యము వలన పల్లెలు పల్లెలుగా ప్రభువులోనికి వచ్చాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినములలో గ్రామదేవత జాతరకు డప్పు కొట్టుట వారి మీద మోపిన వెట్టి. కొట్టమని చెప్పిన విశ్వాసులు దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకొన్నారు. డప్పును గోడకు తగిలించి మరల ముట్టనివారు ఎందరో. మీ సంఘపు పెద్దాయన తాతగారు వారిలో ఒకరేమో అడగండి. ఆయన చెప్పుచుండగా మధ్యలో అడ్డు తగలకుండ వినండి.

మరి పిల్లల మాట కూడ ఊరకనే వచ్చినది కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమము ఆ డప్పునే తన గుర్తుగా చేతపట్టినది. తాతకు అవమానమైన వాద్యము మనుమనికి గౌరవమైనది. ఒకే ఇంటిలో ఈ రెండు తలంపులు ఉండవచ్చును, మీ కమిటీలో ఉండుట ఆశ్చర్యమా?

లేఖనము సంగతికి వస్తే, నిర్గమకాండము 15వ అధ్యాయములో ఎర్రసముద్రము దాటిన పిమ్మట మిర్యాము చేతపట్టుకొన్న వాద్యమును మన తెలుగు బైబిలులో తంబుర అని వ్రాశారు. 150వ కీర్తనలోను అదే మాట. తంబుర అనగానే మన కండ్లకు తీగెల వాద్యము కనబడును. హెబ్రీ భాషలో ఉన్న మాట తోఫ్. అది గుండ్రని చట్రమునకు తోలు మూసి చేతితో కొట్టునది. మన గంజిర, డప్పులకు దగ్గరి చుట్టము. అనగా ఐగుప్తులో వెట్టిచాకిరి చేసి విడుదల పొందిన స్త్రీలు మొదట చేతపట్టినది తోలు వాద్యమే. మన తాతలు విసర్జించినది వెట్టిని, విగ్రహసేవను. తోలు అపవిత్రమని వారు ఎంచియుంటే చెప్పులు కుట్టుట కూడ మానియుండవలసినది, వారు మానలేదు. కనుక వాయించుట తప్పు కాదని మా అభిప్రాయము. అయినను ఈ వచనములు చూపి ఆయన నోరు మూయించుటకు మేము ఇది వ్రాయుట లేదు. పాస్టరుగారు రెండు ఇండ్లకు వెళ్లి, రెండు ఇండ్లలో భోజనము చేసి, ఆ తరువాత కమిటీ పెట్టుట మంచిది.

బాగుచేయుట సాధ్యమే. ఇత్తడి డొల్ల నిలిచియుంటే మూడు పాళ్ల పని అయినట్లే. తోముటకు తొందరపడవద్దు. ముందు ఇప్పుడున్నది ఉన్నట్లుగా నాలుగు ప్రక్కల ఫోటోలు తీయండి. మిగిలిన తాడు ముక్కలు ఏ రంధ్రములో నుండి ఏ రంధ్రమునకు పోయినవో కాగితము మీద గీయండి. చిరిగిన చర్మములను పారవేయకండి. వాటి మందము చూచియే క్రొత్తవి ఎంచవలెను. ఎలుకల గూడు తీసిన తరువాత టార్చిలైటు వేసి లోపల చూడండి. పూర్వము రిపేరు చేసినవారు కొందరు పెన్సిలుతో తారీఖు వ్రాసి పెట్టెడివారు.

అయస్కాంతము ఆనించి చూడండి. అంటుకొంటే లోపల ఇనుము, అంటుకొనకుంటే ఇత్తడి గాని అల్యూమినియము గాని. బరువును బట్టి ఆ రెండింటిలో ఏదో తెలిసిపోవును. కొన్ని డ్రమ్ముల మీద పటాలపు చిహ్నము రంగులతో వేసియుండును. నలుపు క్రింద అటువంటి రంగు ఏమాత్రము కనబడినను అక్కడ చేయి ఆపండి. ఇంటిలో ఇత్తడి బిందె తోమినట్లు ఇటుకపొడి, బూడిద వేసి రుద్దితే ఆ రంగు, దానితోపాటు చెక్కిన అక్షరములు పోవును. పలుచని కుంకుడు రసము, మెత్తని పాత గుడ్డ చాలును. పచ్చని చిలుము ఉన్నచోట మాత్రము కొంచెము చింతపండు రుద్ది, వెంటనే మంచినీటితో కడిగి, తడి లేకుండ తుడవండి. బంగారములా మెరవవలెనని పట్టుపట్టకండి. నూరేండ్ల ఇత్తడి కొంత నలుపుగా ఉంటే చూచుటకు మాకైతే ఇంపుగానే ఉండును.

సొట్టలను కంచరి దగ్గరకు తీసికొనిపోండి. లోపల చెక్క ఆనించి, కొయ్య సుత్తితో మెల్లగా తీయమనండి. వేడి చేయనివ్వకండి. డొల్ల అతుకు తగరపు అతుకైతే వేడికి విడిపోవును. చెక్క కడియములు పుచ్చిపోతే వడ్రంగి ఆ మేరకు కోసి క్రొత్త చెక్క అతికించగలడు. మొత్తము మార్చమనకండి. కడియములు ప్రక్కకు రెండు ఉండునని అతనికి చెప్పండి. సన్ననిది చర్మము చుట్టుటకు, వెడల్పైనది దాని మీద నుండి తాడుతో లాగుటకు.

చర్మము ఆనే అంచు అన్నిటికంటె ముఖ్యము. డొల్లను చదునైన గచ్చు బండ మీద బోర్లించి, లోపల టార్చి వెలిగించి పెట్టి, చీకటి గదిలో చూడండి. అంచు క్రింద ఎక్కడ వెలుగు కారుచున్నదో అక్కడ ఎత్తుపల్లములు ఉన్నట్లు. అడుగు అంచున మాత్రము తీగెలు పోవు రెండు చోట్ల కొద్దిపాటి పల్లము కావలెననియే చేసియుండును. తెలియనివారు దానిని లోపమనుకొని అరగదీసి చదును చేస్తారు. ఆ తరువాత ఏ తీగె వేసినను చర్మమును సరిగా తాకదు.

ఇక్కడ ఇతర పాఠకుల కొరకు ఒక మాట. మీ అటక మీద దొరికినది మరలతో బిగించు డ్రమ్మైతే, త్రుప్పు పట్టిన మరలను బలవంతముగా త్రిప్పకండి. కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి నానబెట్టి, వదులైన తరువాత కుట్టు మిషను నూనె వేయండి. పాత ఇంగ్లీషు మరల చుట్లు అంగుళాల లెక్క. నేటి మిల్లీమీటరు మర దూరిస్తే గాడి చెడును. లండనులో 1922లో మొదలైన ప్రీమియర్ కంపెనీ పాత డ్రమ్ములు కొన్నిటికి నేడు దొరకు 14 అంగుళముల ప్లాస్టిక్ మూత సరిగా కూర్చుండదు. కొనక మునుపు కొలత తీసికొని పోండి.

ప్లాస్టిక్ మూతలు 1950ల చివరి సంవత్సరములలో వచ్చాయి. అమెరికాలో రెమో బెల్లి 1957లో పెట్టిన కంపెనీ వాటిని లోకమంతట ప్రచారము చేసినది. వానకు సడలవు, ఎండకు పగులవు. బ్యాండు మేళమువారికి అవే మేలు. మీ తాడు డ్రమ్మునకు మాత్రము చర్మమే వేయించమందుము. నానిన తోలు ఆరుచు ఆ పాత కడియమునకు, వంకరలతో సహా, అదే అమరిపోవును. పైచర్మము దూడతోలు గాని మేకతోలు గాని సమముగా గీకినది కావలెను. అడుగు చర్మము చాల పలుచనిది, వెలుగుకు పట్టితే వ్రేళ్లు కనబడునంత పలుచనిది కావలెను. అది మందమైతే తీగెలు మూగబోవును. వేడినీళ్లు తగలనీయక చన్నీళ్లలో నానబెట్టి, మెత్తబడిన తరువాత సన్నని కడియము మీద పరచి, అంచులు లోపలికి మడచి చెంచా కాడతో దూర్చవలెను. నీడలో, కొంచెము బిగువులో ఆరనివ్వవలెను. ఎండలో పెడితే ముడుచుకొని చినుగును.

ఈ పని బ్యాండు షాపులలో ఇప్పుడు చాల తక్కువమందికి వచ్చును. డప్పుకు తోలు వేయగలవారికి సగము పని ముందే తెలుసు. ఉత్తరము చివర మీరు ఒక మాట మామూలుగా వ్రాసి విడిచారు. డ్రమ్ము వద్దన్న ఆ పెద్దాయనే చిన్నతనమున తన తాత దగ్గర తోలు పని నేర్చినవారని, ఊరిలో ఆ పని బాగుగా తెలిసినవారు ఇక ఆయనొక్కరేనని. అమ్మా, ఉత్తరమంతటిలో మేము రెండుసార్లు చదివిన పంక్తి అది.

మీ యౌవనస్థులు అది వినగానే ఉత్సాహముతో ఆయన ఇంటికి వెళ్లి, తాతా ఈ తోలు కాస్త వేసిపెట్టు అని అడిగెదరేమో. దయచేసి ఆపండి. ఊరి పెద్దలు వచ్చి తోలు పని చేయమనుట ఆయన కుటుంబము మూడు తరములు విన్న మాట. ఇప్పుడు సంఘము పేర అదే మాట ఆయన గుమ్మములో పలుకరాదు. పాస్టరుగారి రాకపోకలు జరిగి, ప్రభువు బల్లకు అందరు కలిసి వచ్చిన తరువాత, డ్రమ్మును ఆయనకు ఒకసారి చూపించండి. ఏమియు అడగవద్దు. ఆయన చేతిలోనికి తీసికొంటే తీసికొంటారు. తనంతట తానే నేనే వేస్తానంటే, కంచరికి, వడ్రంగికి ఇచ్చినట్లే పూర్తి కూలి, కుర్చీ వేసి, అందరి ఎదుట ఇవ్వండి. దేవుని పని గదా అని ఉచితముగా చేయించుకొనవద్దు. వద్దంటే మరల అడగక ప్రక్క ఊర్లలో వెదకండి. ఖర్చు కూడ స్లాబు నిధిలో నుండి తీయకండి, ఆయన వేసిన కానుక అందులో ఉన్నది. బాగుచేయించవలెనన్నవారు వేరుగా చందా వేసికొనండి.

తాడు సంగతి మరచితిమి. నైలాను తాడు వేయకండి, సాగిపోవును. గట్టిగా పేనిన జనపనార తాడు వేసి, ముందు ఒక దినము బరువు కట్టి వేలాడదీస్తే సాగవలసినది అప్పుడే సాగును. తోలు చెవులను క్రిందికి జరిపితే తాళ్ళు దగ్గరకు వచ్చి చర్మము బిగియును. పేగు తీగెలు దొరకకుంటే గట్టి నైలాను తీగె కొంతవరకు పనికివచ్చును. ఏదైనను నాలుగు తీగెలు ఒకే బిగువులో ఉండవలెను. ఒక్కటి వదులైతే డ్రమ్మంతా గరగరమనును. వాయించిన ప్రతిసారి చెవులు పైకి జరిపి వదులు చేసి పెట్టండి. వానదినమున బిగించి అట్లే వదలితే మరునాటి ఎండకు చర్మము తనంతట తానే పగులును. డప్పు కాచినట్లు దీనిని మంట దగ్గర కాచకండి.

మొదటి సంవత్సరము క్రిస్మస్ తెల్లవారుజామున, మట్టల ఆదివారపు ఊరేగింపులో, ఆరుబయట మాత్రమే వాయించండి. మందిరము లోపలి మాట మరుసటి సంవత్సరము, ఆ పెద్దాయన కూడ కూర్చున్న కమిటీలో తేల్చుకొనవచ్చును. వాయించుటకు మొదటి పుల్లలు ఆ తాతగారి మనుమలకే ఇవ్వనక్కరలేదు. రెండు ఇండ్ల పిల్లలను కలిపి నేర్పించండి. ఒకరు వాయించుచుండగా మరొకరు లెక్క చెప్పవలసిన వాద్యము గనుక నేర్చుకొనుటకు ఇద్దరుంటే మేలు.

రెండవ చర్మము మూయక మునుపు చేయవలసినది ఒకటి ఉన్నది. డొల్ల లోపల పెన్సిలుతో తారీఖు, సంఘము పేరు, సొట్ట తీసిన కంచరి పేరు, వడ్రంగి పేరు వ్రాయండి. తోలు వేసినవారు ఒప్పుకొంటే వారి పేరు వారి చేతనే వ్రాయించండి. చర్మము ఆరి బిగిసిన తరువాత లోపలికి చేయి పట్టదు.